ఆఫీసు పనికి ఏ బ్రౌజర్?

(స్వర్ణోత్సవ సభల్లో భాగంగా జరిగిన పూర్వ విద్యార్థుల గోష్ఠిలో 1988 పదో తరగతి బ్యాచ్ సభ్యుడొకరు చేసిన ప్రసంగ పాఠం)



"కంప్యూటర్ల గురించి ఏదన్నా చెప్పన్నా, కానీ అందరికీ పనికిరావాలె" అని కమిటీ తమ్ముళ్లు నన్ను అడిగారు. నేను ఇరవై అయిదేళ్లకు పైగా నిజామాబాద్, బోధన్, బాన్సువాడ ఆఫీసుల్లో కంప్యూటర్లు బాగుచేస్తూ తిరుగుతున్నవాణ్ణి. సిద్ధాంతాలు నాకు పెద్దగా రావు. రోజూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్న మాత్రం ఒకటుంది. దాని గురించే మాట్లాడతాను. ఆఫీసు పనికి ఏ బ్రౌజర్ పెట్టుకోవాలి?

నిజానికి ఎవరూ ఇట్లా అడగరు. "అన్నా, మా గూగుల్ ఖరాబైంది, జర వచ్చి చూడు" అంటారు. నేను పోయి చూస్తే గూగుల్ నిక్షేపంగా ఉంటుంది. చెడిపోయింది బ్రౌజర్. గూగుల్ అనేది మనం వెతుక్కునే ఒక సైట్. దాన్ని గానీ, బ్యాంకు సైట్‌ని గానీ, పేపర్‌ని గానీ మన తెర మీదికి తెచ్చి చూపించే ప్రోగ్రామ్ బ్రౌజర్. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ, ఇవన్నీ బ్రౌజర్లే. రోజుకు ఎనిమిది గంటలు ఏ వస్తువు ముందు కూర్చుంటున్నామో దాని పేరు తెలియకపోవడం ఒక్క దీని విషయంలోనే చూశాను. సైకిల్ తొక్కేవాడికి అది హీరోనో అట్లాసో తెలుసు.

పేరు తెలియకపోతే నష్టమేమిటి? ఈ హాలులో పన్ను కన్సల్టెంట్లు ఉన్నారు, వకీళ్లు ఉన్నారు, మీసేవ నడిపేవాళ్లు, రైస్ మిల్లుల లెక్కలు రాసేవాళ్లు, బడి రికార్డులు ఎక్కించే టీచర్లు ఉన్నారు. మీరందరూ బ్రౌజర్‌లో చేసేది మీ సొంత పని ఒక్కటే కాదు. వేరేవాళ్ల భూమి కాగితాలు, పెన్షన్లు, ఖాతాలు మీ కంప్యూటర్ మీదుగా పోతున్నాయి. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరుకు బండి కాంటా ఎక్కేది. రైతు కాంటా లోపల ఏముందో చూడడు, ముల్లు చూపిన లెక్కను నమ్మి చీటీ తీసుకుంటాడు. ఆ ఫ్యాక్టరీ 2015లో మూతబడింది, దాని గురించి మాట్లాడితే ఈ గంట చాలదు. ఇప్పుడు ఆ కాంటా మీ టేబుల్ మీద ఉందని మాత్రం చెప్పదలిచాను.

నేను చెప్పదలిచిన మాట ముందే చెప్పేస్తాను. "ఏ బ్రౌజర్ మంచిది?" అనే ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. పని చేసే ఆఫీసులో ఒకటి కాదు, రెండు బ్రౌజర్లు ఉండాలి. రెండింటికీ వేరు వేరు పనులు అప్పజెప్పాలి. ఎందుకో చెప్తాను.

ముందు ఇంజన్ల సంగతి. మన వర్ని, బోధన్ దిక్కు రైస్ మిల్లుల గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. ఒకే మిల్లులో ఆడిన బియ్యం నాలుగు పేర్ల సంచుల్లోకి పోతుంది. బ్రౌజర్లదీ అదే కథ. గూగుల్ 2008లో క్రోమ్ తెచ్చినప్పుడు దాని లోపలి సరుకును క్రోమియం పేరుతో అందరికీ ఇచ్చేసింది. 2020 జనవరిలో మైక్రోసాఫ్ట్ కూడా తన సొంత ఇంజన్ పక్కన పెట్టి ఎడ్జ్‌ను క్రోమియం మీదికి మార్చింది. ఒపెరా, బ్రేవ్, వివాల్డీ కూడా అదే మిల్లు బియ్యం. వేరే మిల్లులు రెండే మిగిలాయి. ఆపిల్ వాళ్ల సఫారీ ఒకటి, మొజిల్లా వాళ్ల ఫైర్‌ఫాక్స్ ఒకటి. కాబట్టి "క్రోమ్‌ల పని అయితలేదు, ఒపెరా వేయమంటవా?" అని అడిగితే, సంచి మార్చి బియ్యం మారాయనుకోవడమే. నిజంగా తేడా చూడాలంటే ఫైర్‌ఫాక్స్‌లో తెరిచి చూడాలి. అక్కడ పనిచేస్తే లోపం బ్రౌజర్‌ది, అక్కడా పనిచేయకపోతే సైటుదో, మన నెట్‌దో. ఈ ఒక్క పరీక్ష తెలిస్తే నాకు వచ్చే ఫోన్లలో సగం తగ్గుతాయి. నా గిరాకీ పోతుంది, అయినా చెప్తున్నాను.

బ్రౌజర్ ఎంచుకునే హక్కు మన ఆఫీసులకు చాలా ఏళ్లు లేదనే చెప్పాలి. 2001లో విండోస్ ఎక్స్‌పీతో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది. ఇంటర్నెట్ అంటే ఆ నీలిరంగు 'ఇ' అక్షరమే అన్నట్టు ఉండేది. ప్రభుత్వ సైట్ల అడుగున "ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో చూస్తే బాగుంటుంది" అనే వాక్యం చదివిన గుర్తు చాలామందికి ఉంటుంది. అది సలహా కాదు, షరతు. ఎందుకంటే డిజిటల్ సంతకం.

2000 ఐటీ చట్టంతో డిజిటల్ సంతకానికి విలువ వచ్చింది. టెండర్లు, పన్ను రిటర్నులు, కంపెనీ కాగితాలు, 2011లో మొదలైన మీసేవ సర్టిఫికెట్లు ఆ సంతకం మీద నడిచాయి. సంతకం యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటుంది. అయితే సైట్ అనేది బ్రౌజర్ లోపలి వస్తువు, టోకెన్ కంప్యూటర్‌కు గుచ్చిన వస్తువు. మామూలుగా సైట్‌కు మన కంప్యూటర్ లోపల చెయ్యి పెట్టే అనుమతి ఉండదు, ఉండకూడదు కూడా. ఆ చెయ్యి పెట్టడానికి రెండు దొడ్డిదారులు పెట్టారు. ఒకటి ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రమే పనిచేసే యాక్టివ్‌ఎక్స్, రెండోది జావా యాప్లెట్. మా పనంతా ఆ రోజుల్లో ఈ రెండింటి సెట్టింగులే. ఫలానా జావా వెర్షన్ వేయాలి, అప్‌డేట్ ఆపాలి, భద్రతను 'తక్కువ'కు దించాలి. భద్రత తగ్గించడానికి మాకు డబ్బులిచ్చేవాళ్లు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు అదే పద్ధతి.

తర్వాత ఆ దొడ్డిదారులు ఒక్కొక్కటే మూతబడ్డాయి. 2015 సెప్టెంబర్‌లో క్రోమ్, 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్ జావా యాప్లెట్లను తీసేశాయి. 2020 చివరి రోజుతో ఫ్లాష్ పోయింది. 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కే సెలవు చెప్పింది. ఆ వారం నాకు వచ్చినన్ని ఫోన్లు ఎప్పుడూ రాలేదు.

ఇప్పటి పద్ధతి వేరు. కంప్యూటర్‌లో 'సైనర్' అనే చిన్న ప్రోగ్రామ్ ఒకటి విడిగా వేస్తారు. బ్రౌజర్ ఆ సైనర్‌కు కబురు పెడుతుంది, సైనర్ టోకెన్‌తో మాట్లాడుతుంది. కాబట్టి సంతకం పడకపోతే మొదట చూడాల్సింది బ్రౌజర్‌ను కాదు. కింద గడియారం పక్కన ఆ సైనర్ నడుస్తోందా, టోకెన్ డ్రైవర్ ఉందా, సర్టిఫికెట్ గడువు మిగిలి ఉందా అని చూడాలి. రిటర్ను ఆఖరి రోజు రాత్రి పదిన్నరకు మూడు బ్రౌజర్లు దింపుకుని కూర్చున్నవాళ్లను చూశాను. సైనర్‌ను ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెడితే అయిదు నిమిషాల పని. ఇంకా పాత ఎక్స్‌ప్లోరరే కావాలనే సైట్ ఎక్కడన్నా తగిలితే ఎడ్జ్‌లో 'ఐఈ మోడ్' అని ఒకటుంది. దాన్ని కనీసం 2029 దాకా ఉంచుతామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఆ ఒక్క సైట్‌కే వాడండి, మిగతా వాటికి వద్దు.

తెలుగు సార్లు ఉన్నారు కాబట్టి ఇక్కడ ఒక పక్కమాట. బ్రౌజర్ ఎంపిక అంటే తెలుగు పేపరు చదవగలమా లేదా అన్న ప్రశ్న అయిన రోజులున్నాయి. యూనికోడ్ స్థిరపడక ముందు ఈనాడు, వార్త లాంటి పత్రికలు నెట్‌లో తమ సొంత ఫాంట్లు వాడేవి. ఎక్స్‌ప్లోరర్ ఆ ఫాంటును తనంతట తాను దింపుకునేది. ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే అక్షరాల స్థానంలో పిచ్చి గుర్తులు వచ్చేవి. అప్పుడు తెలుగు వికీపీడియాకు ఆద్యుడైన వెన్న నాగార్జున 'పద్మ' అనే పొడిగింపు తయారుచేశారు. ఫైర్‌ఫాక్స్‌లో దాన్ని వేసుకుంటే ఆ పత్రికల అక్షరాలు అక్కడికక్కడే యూనికోడ్ తెలుగులోకి మారేవి. ఒక మనిషి కూర్చుని రాసిన చిన్న ప్రోగ్రామ్ వేల మందికి రెండో బ్రౌజర్ వాడుకునే స్వేచ్ఛ ఇచ్చింది. ఇప్పుడు ఏ బ్రౌజర్‌లో అయినా తెలుగు బాగానే కనిపిస్తుంది. కానీ అను ఫాంట్లలో టైపు చేసిన వ్యాసాన్ని తెచ్చి మెయిల్‌లో అతికించి "మీ బ్రౌజర్‌ల తెలుగు రాదా?" అంటే మాత్రం తప్పు బ్రౌజర్‌ది కాదు. ఈ సంచిక కమిటీవాళ్లు నవ్వుతున్నారు, వాళ్లకు తెలుసు ఎవరి గురించి అంటున్నానో.

ఇక డబ్బుకు, నమ్మకానికి సంబంధించిన సంగతికి వస్తాను.

నిజామాబాద్ గంజ్‌లో పసుపు కొనే ఒక అడ్తి దుకాణం. యజమాని వయసులో పెద్దాయన, కంప్యూటర్ జోలికి పోడు. లెక్కలు చూసే కుర్రాడు చురుకైనవాడు. కొత్త కంప్యూటర్ వచ్చిన రోజు క్రోమ్ తెరవగానే "సైన్ ఇన్" అని అడిగింది. కుర్రాడు తన సొంత జీమెయిల్ ఇచ్చాడు. ఏ దురుద్దేశమూ లేదు, అడిగింది కాబట్టి ఇచ్చాడు. తర్వాత బ్యాంకు, పన్ను, రవాణా బిల్లుల సైట్లు తెరిచిన ప్రతిసారీ "పాస్‌వర్డ్ దాచమంటావా?" అంటే "దాచు" అన్నాడు. రెండేళ్ల తర్వాత వేరే ఉద్యోగం దొరికి హైదరాబాద్ పోయాడు. దుకాణంలో వేరే గుమాస్తా కుదిరాడు. కొన్ని నెలలకు ఆ కుర్రాడే ఫోన్ చేశాడు. "సేట్, నేను ఫోన్‌ల బ్యాంకు సైట్ తెరిస్తే మీ దుకాణం యూజర్ నేమ్, పాస్‌వర్డ్ వస్తున్నయి. కొత్తాయన నిన్న పెట్టిన పాస్‌వర్డ్ గూడ వచ్చింది. జర మార్పియ్యండి."

మార్చిన కొత్త పాస్‌వర్డ్ కూడా వెళ్లడం ఎట్లా అని సేట్ అడిగాడు. దుకాణం కంప్యూటర్‌లోని క్రోమ్ ఇంకా ఆ కుర్రాడి ఖాతాతోనే నడుస్తోంది. కొత్త గుమాస్తా ఏది దాచినా అది హైదరాబాద్‌లోని ఫోన్‌కు చేరుతోంది. సింక్ అంటే అదే, అది దాని పని. దొంగతనం జరగలేదు, ఎవరూ దేన్నీ పగలగొట్టలేదు. ఆ కుర్రాడు మంచివాడు కాబట్టి ఫోన్ చేశాడు. దుకాణం భద్రత రెండేళ్లు అతని మంచితనం మీద నిలబడింది. ఆ సంగతి సేట్‌కు తెలియదు, కుర్రాడికీ తెలియదు.

ఇది ఆ ఒక్క దుకాణం కథ కాదు. మీ ఆఫీసుకు పోగానే బ్రౌజర్ పై మూలన ఉన్న గుండ్రటి బొమ్మ మీద నొక్కండి. అక్కడ ఎవరి పేరుంది? ఆఫీసు పేరు మీద విడిగా తీసిన ఖాతా అయితే సరే. మీ పిల్లవాడి పేరో, మానేసి పోయిన ఉద్యోగి పేరో ఉంటే ఆ ఖాతాను అక్కడి నుంచి తీసేయించి, బ్యాంకు పాస్‌వర్డ్ మొదలుకుని అన్నీ మార్చండి. క్రమం ముఖ్యం. ఖాతా తీయకుండా పాస్‌వర్డ్ మారిస్తే ఏమవుతుందో సేట్ కథలో చూశాం.

ఆ గుండ్రటి బొమ్మ వెనకే 'ప్రొఫైల్' అనే సదుపాయం ఉంది. క్రోమ్, ఎడ్జ్ రెండింటిలోనూ ఒక్కో ప్రొఫైల్‌కు దాని పాస్‌వర్డ్లు, దాని చరిత్ర, దాని గుర్తులు విడిగా ఉంటాయి. ఇల్లు ఒకటే, గదులు వేరు. పన్ను కన్సల్టెంట్లకు ఇది మరీ ముఖ్యం. మీరు ఒక సైట్‌లో లాగిన్ అయినప్పుడు అది మీ బ్రౌజర్‌కు ఒక చీటీ ఇస్తుంది, కుకీ అంటారు దాన్ని. ఆ చీటీ చూసే సైట్ మిమ్మల్ని గుర్తుపడుతుంది. ఒకే బ్రౌజర్‌లో రెండు ట్యాబుల్లో ఇద్దరు పార్టీల ఖాతాలు తెరిస్తే రెండో చీటీ మొదటి దాని మీద పడుతుంది. అప్పుడు ఒకటి తన్ని బయటికి వస్తుంది, లేదా మీరు ఒకరి పేజీ అనుకుంటూ ఇంకొకరి అంకెలు చూస్తుంటారు. అరవై మంది క్లయింట్లు ఉన్నవాళ్లు రిటర్నుల వారంలో దీని బాధ పడే ఉంటారు. వేరు వేరు ప్రొఫైళ్లలో తెరిస్తే చీటీలు కలవవు. ఫైర్‌ఫాక్స్‌లో 'కంటైనర్లు' అని మొజిల్లా వాళ్లదే ఒక పొడిగింపు ఉంది. దాన్ని వేసుకుంటే ఒకే కిటికీలో ఒక్కో ట్యాబ్‌కు ఒక్కో రంగు గీత, ఒక్కో గది. నాకైతే అదే సుఖం.

కొంతమంది ఇన్‌కాగ్నిటో వాడతారు. ఫర్వాలేదు, కానీ ఇన్‌కాగ్నిటో కిటికీలు రెండు తెరిచినా ఆ రెండిటికీ చీటీల డబ్బా ఒకటే. అందులో చేసిన పని మన కంప్యూటర్‌లో చరిత్రగా మిగలదు, అంతవరకే. ఆఫీసు నెట్‌వర్క్‌కు, మన నెట్ ఇచ్చే కంపెనీకి మనం ఏ సైట్‌కు పోయామో తెలుస్తూనే ఉంటుంది. మీసేవ, నెట్ సెంటర్ నడిపేవాళ్లు మాత్రం బయటివాళ్లు కూర్చునే కంప్యూటర్‌లో 'అతిథి' కిటికీ అలవాటు చేయండి. కిటికీ మూసేస్తే వాళ్ల లాగిన్లు, చరిత్ర పోతాయి. వాళ్లు దింపుకున్న ఆధార్ కాపీ, పాస్‌బుక్ కాపీ మాత్రం డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో అట్లాగే ఉంటాయి. అది రోజూ సాయంత్రం షట్టర్ దించే ముందు ఖాళీ చేయాల్సిందే. ఒక సెంటర్‌లో ఆ ఫోల్డర్ తెరిస్తే నాలుగేళ్ల ఊరి జనాభా కనబడింది నాకు.

తాళం బొమ్మ గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం పూర్తికాదు. "తాళం ఉంటే సైట్ మంచిది" అని ఎవరో అందరికీ నేర్పారు. తాళం అంటే మనకూ ఆ చిరునామాకూ మధ్య పోయే మాట దారిలో ఎవరూ వినలేరని అర్థం. ఆ చిరునామాలో ఉన్నవాడు మంచివాడా దొంగా అన్నది తాళానికి తెలియదు. నకిలీ సైటుకూ తాళం వస్తుంది. ఈ అపోహ పోగొట్టడానికే 2023లో క్రోమ్ ఆ తాళం బొమ్మను తీసేసి రెండు గీతల గుర్తు పెట్టింది.

తాళం ఎవరిస్తారన్నది ఇంకో కథ. సైటుకు గుర్తింపు పత్రం ఇచ్చే సంస్థలు కొన్ని ఉంటాయి, ఏ సంస్థను నమ్మాలో బ్రౌజర్ దగ్గరో విండోస్ దగ్గరో ఒక జాబితా ఉంటుంది. 2014 జూలైలో మన దేశంలోనే ఒక సంఘటన జరిగింది. ఎన్ఐసీ కింద ఉన్న సర్టిఫికెట్ విభాగం నుంచి గూగుల్ పేర్ల మీద అనుమతి లేని పత్రాలు బయటికి వచ్చాయి. గూగుల్ పట్టుకుంది. మన దేశపు మూల పత్రం మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉంది కాబట్టి విండోస్ మీద ఎక్స్‌ప్లోరర్, క్రోమ్ వాడేవాళ్లకు ప్రమాదం ఏర్పడింది. సొంత జాబితా పెట్టుకునే ఫైర్‌ఫాక్స్‌లో ఆ మూల పత్రం లేదు కాబట్టి దానికి బాధ లేదు. తర్వాత ఆ పత్రాలను రద్దు చేశారు. ఒకే కంప్యూటర్‌లో రెండు బ్రౌజర్లు ఒకే సైట్‌ను చూసి ఒకటి "నమ్ము" అని, ఇంకొకటి "నమ్మకు" అని ఎందుకంటాయో దీన్ని బట్టి తెలుస్తుంది. అందుకే ఎర్రటి హెచ్చరిక వచ్చినప్పుడు 'అడ్వాన్స్‌డ్' నొక్కి ముందుకు పోవడం అలవాటు చేసుకోవద్దు. ముందు కంప్యూటర్ తేదీ సరిగ్గా ఉందా చూడండి. పాత బ్యాటరీ పోయి తేదీ వెనక్కి పోయిన కంప్యూటర్లలో ఇది మామూలే. తేదీ సరిగ్గా ఉండి కూడా హెచ్చరిక వస్తే రెండో బ్రౌజర్‌లో చూడండి. అక్కడా వస్తే ఆ రోజుకు ఆ పని ఆపండి.

నకిలీ సైట్లు చాలావరకు వెతుకులాటలోనే తగులుతాయి. మన జిల్లాల నుంచి గల్ఫ్‌కు పోయే పిల్లలు ఎంతమందో మీకు తెలుసు. ఏజెంట్‌కు లైసెన్సు ఉందా లేదా అని విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ సైట్‌లో చూసుకోవచ్చు. దాన్ని గూగుల్‌లో వెతికి, పైన ప్రకటనగా వచ్చిన దాని మీద నొక్కితే ఎక్కడికి పోతామో చెప్పలేం. పని సైట్ల చిరునామాలు ఒక్కసారి చేత్తో టైపు చేసి, చివర 'డాట్ జీఓవీ డాట్ ఇన్' ఉందో లేదో చూసి, గుర్తు పెట్టుకోండి. ఆ తర్వాత ఎప్పుడూ ఆ గుర్తు మీదే నొక్కండి. ఎవరన్నా మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయించండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

పొడిగింపులు, అంటే ఎక్స్‌టెన్షన్లు. ఇందాక పద్మను మెచ్చుకున్నాను, ఇప్పుడు రెండో వైపు చెప్తాను. 'ది గ్రేట్ సస్పెండర్' అని క్రోమ్‌కు ఒక పొడిగింపు ఉండేది. వాడని ట్యాబులను నిద్రపుచ్చి కంప్యూటర్‌ను తేలిక చేసేది, మంచిదే. 2020లో దాన్ని తయారుచేసినవాడు వేరేవాళ్లకు అమ్మేశాడు. కొన్నవాళ్లు లోపల ఏదో కలిపారు. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని ప్రమాదకరమని ప్రకటించి అందరి బ్రౌజర్లలోనూ ఆపేసింది. వాడేవాళ్లకు తెలియకుండానే యజమాని మారాడు. పొడిగింపుకు మీరు చూసే ప్రతి పేజీనీ చదివే అనుమతి ఉండొచ్చు, బ్యాంకు పేజీ సహా. పీడీఎఫ్ మార్చేదనీ, కూపన్లు చూపేదనీ ఎవరో పెట్టినవి మీ బ్రౌజర్‌లో ఎన్నున్నాయో లెక్కపెట్టండి. డబ్బు పని చేసే బ్రౌజర్‌లో సున్నా ఉండాలి.

పాత విండోస్ సంగతి చెప్పి నా సలహాకు వస్తాను. మన దిక్కు ఆఫీసుల్లో విండోస్ 7 ఇంకా నడుస్తోంది. క్రోమ్, ఎడ్జ్ రెండూ 2023 జనవరిలో వచ్చిన 109వ వెర్షన్‌తో దానికి ఆగిపోయాయి. తెరుచుకుంటాయి, పేజీలు వస్తాయి, కానీ కొత్తగా బయటపడ్డ కన్నాలు పూడవు. ఫైర్‌ఫాక్స్ వాళ్లు 115 అనే వెర్షన్‌ను పాత విండోస్ కోసం గడువు పెంచుకుంటూ వచ్చారు. అది ఊతకర్రే గానీ కాలు కాదు. విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపింది. కొత్త కంప్యూటర్ కొనలేనివాళ్లు పాత దాంట్లో ఉబుంటు లాంటి లినక్స్ వేసుకుని దాని మీద ఫైర్‌ఫాక్స్ నడుపుకోవచ్చు. బడి లాబ్‌కు అది బాగుంటుంది. టోకెన్ సంతకాలు చేసే ఆఫీసుకు నేను లినక్స్ చెప్పను, డ్రైవర్ల దగ్గర ఇబ్బంది పడతారు.

దేశీ బ్రౌజర్ వాడమంటారా అని మొన్న ఒక వకీలు అన్న అడిగారు. ప్రయత్నాలు కొత్తవేమీ కావు. బెంగళూరు వాళ్లు 2010లో ఎపిక్ తెచ్చారు, జోహో వాళ్ల ఉలా 2023లో వచ్చింది. అదే ఏడు ఆగస్టులో కేంద్ర ఐటీ శాఖ భారతీయ బ్రౌజర్ కోసం పోటీ పెట్టింది. మన దేశపు మూల పత్రాన్ని నమ్మే సొంత జాబితా ఉండాలన్నది అందులో ఒక షరతు. ఇందాక చెప్పిన 2014 కథకు ఇది కొనసాగింపే. 2025 మార్చిలో ఫలితాలు చెప్పారు. మొదటి బహుమతి కోటి రూపాయలు జోహోకు వచ్చింది. మంచిదే, నేనూ సంతోషించాను. కానీ ఎవరిదైనా సరే, ఎన్ని రోజులకోసారి అప్‌డేట్ వస్తోంది, మీరు రోజూ తెరిచే సైట్లు అందులో పనిచేస్తున్నాయా అన్న రెండు ప్రశ్నలకూ జవాబు దొరికాకే ఆఫీసులో పెట్టండి. ఇంట్లో ఇవాళే పెట్టుకోవచ్చు.

నేను ఆఫీసుల్లో చేసేది చెప్తాను. ఎడ్జ్‌ను పని గదిగా పెడతాను. సైట్లు కట్టేవాళ్లు ఎక్కువగా క్రోమియం మీదే పరీక్షించుకుంటారు, ఐఈ మోడ్ కూడా అందులోనే ఉంది, విండోస్‌తో పాటే వస్తుంది. బ్యాంకు, పన్ను, సంతకం, రికార్డులు అన్నీ అందులో. పొడిగింపులు ఉండవు, వెతుకులాట ఉండదు, గుర్తులు మాత్రమే ఉంటాయి. క్రోమ్ అలవాటైనవాళ్లకు క్రోమే పెడతాను, మిల్లు ఒకటే కదా. ఫైర్‌ఫాక్స్‌ను వరండాగా పెడతాను. పేపరు, యూట్యూబ్, వెతుకులాట, తెలియని లింకులు అన్నీ అక్కడ. ప్రకటనలు ఆపే యుబ్లాక్ ఆరిజిన్ అనే ఒక్క పొడిగింపు అందులో వేస్తాను. క్రోమ్ తన నిబంధనలు మార్చాక అది అక్కడ నడవడం లేదు, ఫైర్‌ఫాక్స్‌లో నడుస్తోంది. నకిలీ 'డౌన్‌లోడ్' బొత్తాలు కనబడకపోతే సగం రోగం రాదు. రెండు బ్రౌజర్ల రంగులు కూడా వేరుగా పెడతాను. ఆకుపచ్చ కిటికీలో ఉంటే డబ్బు పని, నారింజ కిటికీలో ఉంటే బయటి పని. గుమాస్తాకు నేర్పడానికి అయిదు నిమిషాలు పడుతుంది.

మొదటి వారం అందరూ తిడతారు. "రెండెందుకన్నా, ఒక్కదాంట్లనే అయిపోతది గదా" అంటారు. గంజ్ సేట్ మాత్రం తిట్టలేదు. నేను చెప్పకముందే ఆ కుర్రాడు ఫోన్‌లోనే చెప్పి చేయించాడట.

*

(ప్రసంగం తర్వాత సభలో అడిగిన ప్రశ్నల్లో రెండింటిని కమిటీ ఇక్కడ చేర్చింది.)

గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన 2004 బ్యాచ్ సభ్యుడు: అన్నా, నాకు కంప్యూటరే లేదు. అంతా ఫోన్‌లనే. నాకు ఈ బ్రౌజర్ గొడవ ఎందుకు?

జవాబు: నీకే ఎక్కువ కావాలె తమ్మీ. ఫోన్‌లో చాలా యాప్‌లు లింకును బ్రౌజర్‌కు పంపవు, తమ లోపలే తెరుస్తాయి. అక్కడ చిరునామా సరిగ్గా కనబడదు. డబ్బు, వీసా, పాస్‌పోర్టు సంగతి అయితే మూడు చుక్కలు నొక్కి 'బ్రౌజర్‌లో తెరువు' అను, చిరునామా మొత్తం చదువు. ఏదన్నా పేజీ 'ఈ ఫైలు దింపి ఇన్‌స్టాల్ చేయి' అంటే అక్కడే వదిలెయ్. బ్యాంకు యాప్ ప్లే స్టోర్ నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ రాదు.

పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయులు: నాయనా, కళ్లు సహకరించడం లేదు. తెరమీద పది నిమిషాలు చదివితే నీళ్లు కారుతున్నాయి. నువ్వు చెప్పిన వాటిల్లో నాకు పనికొచ్చేది ఏదన్నా ఉందా?

జవాబు: ఉంది సార్. ఎడ్జ్‌లో తెలుగు పేజీ తెరిచి 'బిగ్గరగా చదువు' అంటే చదువుతుంది. తెలుగుకు రెండు గొంతులున్నాయి. ఆడ గొంతు పేరు శ్రుతి, మగ గొంతు పేరు మోహన్. వేగం తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు.

(అక్కడే ల్యాప్‌టాప్‌లో ఒక తెలుగు వ్యాసం వినిపించారు. సార్ రెండు పేరాలు కళ్లు మూసుకుని విని, "ఒత్తులు బాగానే పలుకుతున్నాడు. కామా దగ్గర ఆగడం మాత్రం నేర్పాలి. రేపు మా ఇంటికి తీసుకురా" అన్నారు.)